రిజిస్టరులో నేను రాయని మందు

విచారణ గదిలో నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "డాక్టరు గారూ, ఈ కార్మికుడు మీ దగ్గర ఏమైనా మందులు వాడుతున్నాడా?" నేను డిస్పెన్సరీ రిజిస్టరు తెరిచి అందులో ఉన్నది చదివాను. నడుము నొప్పికి బిళ్ళలు తీసుకుంటున్నాడని చెప్పి కూర్చున్నాను. చదివింది చదివినట్టు చెప్పాను కాబట్టి అబద్ధం ఆడలేదని ఆ సాయంత్రం నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కానీ ఆ రిజిస్టరు రాసింది నేనే. అతనికి నేను ఇస్తున్నది మనసు కుంగిపోయినవాళ్ళకు వాడే మందు. గనిలో అతన్ని పడగొట్టింది ఆ మందేనని నాకు తెలుసు. ఆ రెండు ముక్కలూ నేను చెప్పలేదు.

ఇది జరిగి పన్నెండేళ్ళు దాటింది. నాకిప్పుడు యాభై ఆరేళ్ళు. రెండేళ్ళ క్రితం, సర్వీసు ఇంకా ఉండగానే, ఉద్యోగం మానుకున్నాను. గోదావరిఖని చుట్టుపక్కల గనుల డిస్పెన్సరీల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. కొత్తగా గనుల్లో డాక్టర్లుగా చేరుతున్నవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, ఉద్యోగం ఎలా ఉంటుంది సార్ అని అడుగుతారు. క్వార్టర్లు, బదిలీలు, ప్రమోషన్ల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను నా తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు మీరూ చేయడానికి అవకాశం ఉంది. పైగా చేసేటప్పుడు అది మంచితనంలాగే కనిపిస్తుంది.

డిస్పెన్సరీ

గని గేటుకు కొంచెం ఎడంగా, రేకుల కప్పు కింద మా డిస్పెన్సరీ ఉండేది. పొద్దున షిఫ్టు దిగేముందు ఒక గుంపు, మధ్యాహ్నం పైకి వచ్చాక ఇంకో గుంపు. కంట్లో బొగ్గు నలుసులు, దెబ్బ తగిలిన వేళ్ళు, దగ్గు, షుగరు, బీపీ. వీటన్నిటికంటే ఎక్కువమంది జబ్బు సెలవు ఇప్పించే సిక్ కాగితం కోసం వచ్చేవారు. సిక్ ఎక్కువ ఇస్తే మస్టరులో హాజరు పడిపోతోందని మేనేజరు ఫోను చేసేవాడు. ఇవ్వకపోతే యూనియన్ మనిషి వచ్చి నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఆ ఇద్దరికీ సమాధానం చెప్పుకోవడంలో, ఎదురుగా నిలబడ్డవాడికి నిజంగా ఏమైందో చూడటం తగ్గిపోతుంది. చేరిన మొదటి రెండేళ్ళు నేను వచ్చిన ప్రతివాణ్నీ అనుమానించాను. తర్వాత అనుమానించడం మానేశాను. అప్పుడు కూడా సరిగ్గా చూశానని చెప్పలేను.

నాకు పని నేర్పింది మా పెద్ద డాక్టరు గారు. కోపిష్టి. చేతిలో స్టెతస్కోపు ఉంటే ఎవరైనా డాక్టరే అనుకుంటారు అని మమ్మల్ని తిట్టేవాడు. రోగిని కూర్చోబెట్టి బీపీ చూస్తే సగమే చూసినట్టు అనేవాడు. పడుకోబెట్టి ఒకసారి, లేపి నిలబెట్టిన నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూడమనేవాడు. ఒక వేసవిలో ఆరుబయట బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గని నుంచి ఎండకు పడిపోయిన మనిషిని తెచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు ముఖం మీద నీళ్ళు చల్లుతున్నారు. ఆయన మాత్రం ఆ మనిషి చొక్కాలోంచి చేయి దూర్చి చంక తడిమాడు. ఒళ్ళు కాలిపోతూ చంక కూడా పొడిగా ఉంటే ఇక పరుగెత్తాలి అన్నాడు. చెమటలు పోస్తున్నా ప్రమాదం ఉండొచ్చని తర్వాత చదువుకున్నాను. అయినా ఆ పొడి చంక పాఠం మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే నా తప్పు కొంత తగ్గేది.

నడుము నొప్పి అని రాయడం

ఆయనే నాకు ఇంకో పని కూడా నేర్పాడు.

మనసుకు వచ్చే జబ్బుకు మా దగ్గర పేరు లేదు. నరాల వీక్‌నెస్ అనేవారు, దిమాక్ గరం అనేవారు. అటువంటి జబ్బుకు మందు వాడుతున్నాడని కార్మికుడి ఆరోగ్య కార్డులో రాస్తే ఆ కార్డు మెడికల్ బోర్డుకు పోవాలి. బోర్డు తేల్చేదాకా అతన్ని గనిలోకి దింపకూడదు. బోర్డు తేల్చడానికి ముందే టీ కొట్టు దగ్గర తేలిపోయేది. ఫలానావాడికి పిచ్చి లేచిందట అనేవాళ్ళు కొందరు. గని పనికి పనికిరాడని అన్‌ఫిట్ రాయించుకోవడానికి వేషాలు వేస్తున్నాడని ఇంకొందరు. నేను ఒకసారి నిజమైన జబ్బు పేరు రాసి పెద్ద డాక్టరు గారి సంతకానికి పంపితే, ఆయన దాన్ని కొట్టేసి తిప్పి పంపాడు. "నడుము నొప్పి అని రాయవయ్యా. గనిలో దిగేవాళ్ళలో నడుము నొప్పి లేనివాడెవడు?" అన్నాడు.

మనసు కుంగినవాళ్ళకు మేమిచ్చే పాత రకం మందును చిన్న మోతాదులో దీర్ఘకాలపు నొప్పులకు కూడా వాడతారు. కాబట్టి ఎవరైనా నిలదీసినా నిలబడే మాట అది. అప్పటినుంచి అలాగే రాశాను. మా ఫార్మసిస్టు జహంగీర్ భాయ్ ఆ బిళ్ళలను స్ట్రిప్పులోంచి ఊడదీసి, పేరు కనబడకుండా కాగితం పొట్లాల్లో కట్టి ఇచ్చేవాడు. వయసులో నాకంటే పెద్దవాడు, చేతి పనిలో పొరపాటు ఎరగనివాడు. ఇది రోగుల పరువు కాపాడే పద్ధతి అని మేము అనుకున్నాం. అది నిజమే. దానివల్ల మాకు ఉత్తరాలు రాసే పని తప్పేది, బోర్డుకు జవాబు చెప్పే పని తప్పేది. అదీ నిజమే. రెండోదాని గురించి మేము మాట్లాడుకోలేదు.

ఓదెలు

ఓదెలు టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైనున్న బండ కూలకుండా కర్ర దిమ్మలు నిలబెట్టడం టింబర్‌మన్ పని. ఓదెలు దిమ్మ పెడితే దాని కింద ధైర్యంగా కూర్చుని అన్నం తినొచ్చని తోటివాళ్ళు అనేవారు. విచారణకు ముందటి చలికాలంలో బండ కూలి అతని జోడీదారు చనిపోయాడు. ఓదెలు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు.

రెండు నెలల తర్వాత భార్య సమ్మక్క బలవంతం చేస్తే నా దగ్గరికి వచ్చాడు. బెంచీ చివర కూర్చుని, అందరూ వెళ్ళిపోయేదాకా లేవలేదు. నిద్ర లేదన్నాడు. బువ్వ సహించడం లేదన్నాడు. నేను అడుగుతూ పోతే చివరికి అసలు మాట వచ్చింది.

"దిమ్మ కొట్టేటప్పుడు చెయ్యి ఆగిపోతాంది సారు. ఆనాడు పెట్టిన దిమ్మ నాదే. మంచిగ బిగిచ్చిన్నా, బిగియ్యలేదా అని రోజు గదే ఫికరు."

తాగుతావా అని అడిగాను. అందరినీ అడిగే ప్రశ్నే. అతను తల అడ్డంగా ఊపాడు. "మానిన సారు. పదకొండేండ్లాయె. బిడ్డను ఒళ్ళ కూసోబెట్టుకొని సమ్మక్కకు మాటిచ్చిన. మల్ల ముట్టలే."

మందు పేరు అతనికి చెప్పలేదు. నరాలకు బలం వచ్చే గోళీలు అన్నాను. అతను తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "నాకు దిమాక్ ఖరాబైందని రాస్తున్నరా సారు?" అని అడిగాడు. నడుము నొప్పి అని రాశానని చెబితే రెండు చేతులూ జోడించాడు. ఆ దండం నాకు బాగుంది. నేను మంచి డాక్టరునని అనిపించింది.

మందు పని చేసింది. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ కథ విని ఎవరూ మందు మానేయకూడదు. నాలుగు వారాలకు ఓదెలు నిద్రపోయాడు, తిన్నాడు, మళ్ళీ దిమ్మలు కొట్టాడు. సమ్మక్క ఇంటి ముందు కాసిన బీరకాయలు సంచిలో పంపింది. వేసవి మొదట్లో మళ్ళీ కొంచెం కుంగితే మోతాదు పెంచాను. ఇరవై ఐదు మిల్లీగ్రాములతో మొదలుపెట్టినవాణ్ని రెండు విడతల్లో డెబ్బై ఐదుకు తెచ్చాను. పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూడలేదు. రెండుసార్లూ లైను పొడుగ్గా ఉంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం షిఫ్టు ముగించుకుని పైకి వచ్చాక మందు కోసం వచ్చాడు. నాలుక పిడచగట్టుకుపోతోందన్నాడు. పొద్దున మంచం మీంచి లేస్తే గోడ పట్టుకోవాల్సి వస్తోందన్నాడు. తర్వాత నవ్వుతూ తన బనియను పట్టి చూపించాడు.

"గిది చూడుండ్లి సారు. అందరి బనియన్లు పిండితే నీళ్లు కారుతయి. నాది పొడిగుంది. మావోళ్లు ఏమంటుండ్లంటే, ఓదెలన్న లోపల ఏసీ పెట్టిచ్చుకున్నడంట."

నేనూ నవ్వాను. మంచిదే కదా ఓదెలూ, చాకిరేవు ఖర్చు తప్పింది అన్నాను. కిటికీ అవతల పొట్లం కడుతున్న జహంగీర్ భాయ్ మాత్రం నవ్వలేదు. ఓదెలు వెళ్ళాక, "సాబ్, ఎండకాలంల చెమట రాకపోతే అచ్ఛా బాత్ హై క్యా?" అని అడిగాడు. వయసు మీద పడుతోంది భాయ్, అన్నిటికీ భయపడుతున్నారు అని తోసేశాను.

ఆ బనియను చెప్పినది

ఆ పొడి బనియను ఏం చెబుతోందో నాకు తెలిసి ఉండాలి. కొత్తవాళ్ళ కోసం వీలైనంత సులువుగా రాస్తాను.

ఒంట్లో వేడి పెరిగినప్పుడు రక్తం చర్మం వైపు పోతుంది. చర్మం ఎర్రబడుతుంది, కాలుతుంది. చెమట పట్టి, అది ఆరుతున్నప్పుడు వేడి బయటికి పోతుంది. ఈ రెండు పనులూ మనం తలచుకుని చేసేవి కావు, నరాలు వాటంతట అవే చేస్తాయి. ఓదెలుకు నేనిచ్చిన అమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులు చెమట గ్రంథికి పోయే ఆజ్ఞను అడ్డుకుంటాయి. రక్తం చర్మంలోకి వస్తూనే ఉంటుంది, చెమట రాదు. గని అడుగున గాలి సరిగా ఆడని చోట మనిషి లోపల్లోపల ఉడికిపోతాడు.

రెండోది లేచి నిలబడటం. కూర్చున్నవాడు లేస్తే రక్తం కాళ్ళలోకి జారుతుంది. ఆ క్షణంలోనే చర్మంలోనూ కండరాల్లోనూ ఉన్న నాళాలు బిగుసుకుని రక్తాన్ని పైకి తోస్తాయి. ఇదే మందు ఆ బిగింపును కూడా సడలిస్తుంది. వేడికి చర్మమంతా రక్తం నిండి ఉన్నవాడు, గంటసేపు గొంతుక్కూర్చుని, ఒక్కసారి లేస్తే, తలకు రక్తం చాలదు.

నోరు ఎండిపోవడం వల్ల మాట ముద్దగా వస్తుంది. కంటిపాప పెద్దదవుతుంది. ముఖం ఎర్రబడుతుంది. అడుగు తడబడుతుంది. తెలియనివాడు చూస్తే ఏమనుకుంటాడో మీరే ఊహించండి.

ఆ రోజు

చాకిరేవు ఖర్చు గురించి జోకు వేసిన తొమ్మిదో రోజున ఓదెలును డిస్పెన్సరీకి తెచ్చారు. బొగ్గు తవ్వే ఫేసు దగ్గర దిమ్మ మొదలు సర్దుతూ చాలాసేపు కూర్చుని, లేవబోయి బోర్లా పడ్డాడట. లేపితే తూలాడట. ఏమైందంటే మాట ముద్దముద్దగా వచ్చిందట. అక్కడ షిఫ్టు నడిపించే ఓవర్‌మన్ వెంటనే పైకి పంపించాడు, తనూ వెంట వచ్చాడు. చెడ్డవాడు కాదు. తాగి గనిలోకి దిగినవాడు పది మంది ప్రాణాలు తీస్తాడని అతని కోపం. ఆ కోపం న్యాయమైనదే.

నేను ఓదెలు చొక్కాలోంచి చేయి పెట్టి చంక తడిమాను. కాలుతోంది, పొడిగా ఉంది. ముఖం దగ్గర ముఖం పెట్టి వాసన చూశాను. ఏ వాసనా లేదు. కళ్ళు చూశాను. నిమిషంలోపే నాకు అంతా తెలిసిపోయింది. తడిబట్టలు చుట్టించాను, ఫ్యాను పెట్టించాను, సెలైను ఎక్కించాను. మూడు గంటల తర్వాత ఓదెలు నన్ను గుర్తుపట్టి మంచినీళ్ళు అడిగాడు. వైద్యంగా చూస్తే నేను ఆ రోజు చేసినవాటిలో తప్పు లేదు.

ఓవర్‌మన్ ఒక కాగితం ముందు పెట్టాడు. మద్యం తాగినట్టు ఉందా అన్నది అందులో ఒక గడి. ఊదించి చూసే మిషను అప్పట్లో మా దగ్గర లేదు, డాక్టరు మాటే లెక్క. లేదు అని రాస్తే, మరి ఎందుకు పడ్డాడు అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. అప్పుడు మందు పేరు చెప్పాలి. ఆ మందు వాడేవాణ్ని బోర్డుకు పంపకుండా, కనీసం హెచ్చరించకుండా, మే నెలలో గనిలోకి దింపింది ఎవరో చెప్పాలి. కలం తీశాను. ఓవర్‌మన్ గోడ గడియారం చూస్తున్నాడు. ఆ గడిలో, "నిర్ధారించలేము" అని రాశాను.

ఓదెలు రహస్యం కాపాడుతున్నానని అనుకున్నాను. ఆ అనుకోవడం చాలా ఏళ్ళు నాకు అక్కరకొచ్చింది.

విచారణ

తాగి గనిలోకి దిగాడని ఓదెలుకు చార్జిషీటు ఇచ్చారు. విచారణలో ఓదెలు తనకు తెలిసింది తెలిసినట్టు చెప్పాడు. "నేను తాగలే సార్. డాక్టరు సారు ఇచ్చే నరాల గోళీలు ఏసుకుంటున్న. గంతే." విచారణ అధికారి నా వైపు తిరిగాడు. అప్పుడే నేను మొదట్లో చెప్పిన ఆ జవాబు ఇచ్చాను. నరాల గోళీల మాట రిజిస్టరులో ఎక్కడా లేదు కాబట్టి, ఓదెలు తప్పించుకోవడానికి కథ అల్లుతున్నాడని రాసుకున్నారు. నిజం చెప్పినవాడు నా ఎదుటే అబద్ధాలకోరు అయ్యాడు. అతను నన్ను కోపంగా చూడలేదు. సారు ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అన్నట్టు నా ముఖం వైపే చూస్తూ కూర్చున్నాడు.

కొంతకాలం సస్పెన్షన్లో పెట్టి, తర్వాత గని బయట కర్రల యార్డుకు మార్చారు. దిమ్మలు నిలబెట్టినవాడు దిమ్మలు మోసి పేర్చే పనిలో పడ్డాడు. షిఫ్టుకు పోయేవాళ్ళు యార్డు పక్కనుంచి పోతూ, "ఏం ఓదెలన్నా, ఇయ్యాల ఎన్ని కొట్టినవే?" అని అరిచేవారు. ఓదెలు నా దగ్గరికి మళ్ళీ రాలేదు. మందు ఒక్కసారిగా ఆపేశాడని జహంగీర్ భాయ్ చెప్పాడు. అలా ఆపకూడదు. ఆ మాట చెప్పడానికి కూడా నేను వెళ్ళలేదు.

విచారణ అయిన వారానికి సమ్మక్క వచ్చింది. మగవాళ్ళ లైను పక్కనుంచి నేరుగా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడవలేదు, బతిమాలలేదు.

"సారూ, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పుండ్లి. మా ఆయన తాగిండా?"

జవాబు చెప్పడానికి నాకు ఒక్క ముక్క చాలు. పక్కన ఇద్దరు కార్మికులు, ఒక క్లర్కు ఉన్నారు. నేను చూడలేదమ్మా అన్నాను. ఆమె ఇంకా ఏదైనా అంటానేమోనని ఆగింది. తర్వాత కొంగు భుజం మీద సర్దుకుని వెళ్ళిపోయింది. జహంగీర్ భాయ్ కిటికీ రెక్క మూసేశాడు.

ఖాజా

తర్వాత నేను మారాను. ఆ మార్పుకు వెల వేరేవాడు కట్టాడు కాబట్టి దాన్ని గొప్పగా చెప్పుకోను.

కొన్నేళ్ళకు ఖాజా అనే డ్రైవరు వచ్చాడు, గనిలో మట్టీ బొగ్గూ మోసే పెద్ద లారీ, డంపరు, తోలేవాడు. అప్పటికి మనసు కుంగుబాటుకు కొత్త రకం మందులు మా వైపు కూడా బాగా వాడుకలోకి వచ్చాయి, అతను వాడుతున్నది వాటిలో ఒకటి. ఓదెలుకు చెమట ఆగితే ఇతనికి చెమట ధారలు కట్టింది. ఈ కొత్త మందుల్లో కొన్ని చెమటను పెంచుతాయి. కొందరికి వేళ్ళు చల్లబడతాయి. "రోజుకు తీన్ తీన్ షర్ట్‌లు మారుస్తున్న సాబ్. మా ఆమె ఏమో డంపరు తోలుతున్నవా, నెత్తిన పెట్టుకొని మోస్తున్నవా అంటాంది" అన్నాడు. ఈసారి నేను నవ్వలేదు. పడుకోబెట్టి, నిలబెట్టి, మూడు నిమిషాలు ఆగి బీపీ చూశాను. మందు పేరు అతనికి చెప్పాను, ఏం చేస్తుందో చెప్పాను, అతని ఎదుటే కార్డులో రాశాను. బోర్డుకు ఉత్తరం పంపి, వేసవి అయ్యేదాకా డంపరు దింపి వేరే పని ఇప్పించాను. ఖాజాకు నా మీద కోపం వచ్చింది. నెల రోజులు దారిలో ఎదురుపడితే ముఖం తిప్పుకున్నాడు. వానాకాలంలో మళ్ళీ డంపరు ఎక్కాక సలాం చేశాడు.

మీరు కూడా రోగి దండం కోసం ఎదురుచూడకండి. ఇస్తున్న మందు పేరు అతనికి చెప్పండి. అతను ఎక్కడ పని చేస్తాడో, అక్కడ ఎంత ఉక్క ఉంటుందో అడగండి. చెమట పడుతోందా లేదా అని అడగండి. మోతాదు పెంచిన ప్రతిసారీ నిలబెట్టి చూడండి. పరువు పోతుందని భయపడేవాడికి రహస్యంగా ఉంచగల దారి వెతకండి, కానీ అబద్ధం రాయకండి. అబద్ధపు కాగితం రోగిని కాపాడుతున్నట్టే ఉంటుంది. అతనికి సాక్ష్యం కావలసి వచ్చిన రోజున అది మీ వైపే ఉంటుంది.

చెప్పడం

ఉద్యోగం మానేశాక ఒకసారి చౌరస్తాలో జహంగీర్ భాయ్ కనిపించాడు. ఆయన నాకంటే ముందే రిటైరయ్యాడు. చాయ్ తాగుతూ అవీ ఇవీ మాట్లాడుకున్నాం. ఓదెలు ఎలా ఉన్నాడని అడిగాను. ఆయన కప్పు కింద పెట్టాడు.

"ఉన్నడు సాబ్. ఇంక కొన్నేండ్ల నౌకరీ ఉంది. డ్యూటీ నుంచి రాంగనే సమ్మక్క దగ్గరకొచ్చి నోరు వాసన చూస్తదంట. ఇన్నేండ్ల సంది, రోజు. ఆయన గూడ గుమ్మంల నిలబడి నోరు తెరుస్తడంట." తన రెండు చేతులూ చూపించాడు. "పొట్లం కట్టింది నేను సాబ్. నాకు గూడ పాపం ఉంది. మీరు చెప్తరా, నేను పోయి చెప్పాల్నా?"

నేనే చెబుతానన్నాను. ముందు మొత్తం రాసి, సంతకం చేసి, గని ఆఫీసులో ఇచ్చాను. ఏ మందు, ఎంత మోతాదు, ఆ రోజు ఏం చూశాను, గడిలో ఏం రాశాను, ఎందుకు రాశాను. అక్కడి అధికారి రెండుసార్లు చదివాడు. కేసు ఎప్పుడో మూసేశాం, ఇప్పుడు మార్చడానికి వీలుపడుతుందో లేదో తెలియదు, ఈ కాగితం మాత్రం అతని సర్వీసు ఫైలులో పెడతాను అన్నాడు. మీ మీద చర్య ఉండొచ్చు అని కూడా అన్నాడు. ఉండనివ్వండి అన్నాను.

మరుసటి ఆదివారం ఓదెలు క్వార్టరుకు వెళ్ళాను. తలుపు తీసింది అతనే. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు కానీ లోపలికి రమ్మని కుర్చీ వేశాడు. సమ్మక్క మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి వంటగదిలోకి వెళ్ళింది. నేను కాగితం నకలు అతని చేతిలో పెట్టి, అందులో ఉన్నదంతా నోటితో చెప్పాను. అయిపోయాక అతను ఆ కాగితాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పడ్డందుకు నాకు బాధ లేదు సారు. మీరు నిద్రకు మందిచ్చిండ్లు, నేను నిద్ర పోయిన. కాని, గోళీలేసుకుంటున్న అని నేను చెప్పిన్నాడు, మీరు తలకాయ వంచుకొని రిజిస్టర్ సదివిండ్లు. అది మనసుల నుంచి పోలే."

"నన్ను క్షమించు ఓదెలూ" అన్నాను.

అతను కాగితం మడిచి నాకే తిరిగి ఇచ్చాడు. "నాకు తెలుసు సారు నేను తాగలేదని. నాకెందుకు చెప్పుడు? ఆమెకు చెప్పుండ్లి."

సమ్మక్కను అతనే పిలిచాడు. ఆమె వచ్చి వంటగది గడప దగ్గర, చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. నేను కుర్చీలోంచి లేచాను. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. వచ్చిన మాటలు ఇవి.

"సమ్మక్కా, ఆనాడు నువ్వు దవాఖానకొచ్చి, మా ఆయన తాగిండా అని అడిగినవు. నేను చూడలేదన్న. చూసిన. నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసిన, ఏం లేదు. ఆయన నేనిచ్చిన మందుకు పడ్డడు. ఆ మందు సంగతి ఆయనకు గూడ చెప్పకుండ ఇచ్చిన. చెప్తే నా మీదికొస్తదని నోరు మూసుకున్న. నీకిచ్చిన మాట ఆయన ఒక్కనాడు తప్పలే. ఇన్నేండ్లు మీ ఇద్దరి నడుమ ఉన్న అబద్ధం నాది. తప్పు చేసిన, నన్ను క్షమించు తల్లీ."